మందుమొక్కల సారాలు – మనిషి క్యాన్సర్ కణాలు

ఆకు, బెరడు, వేరు, పండు, గింజ – మొక్కలో ఏదో ఒక భాగాన్ని ఎండబెట్టి, దంచి, ద్రావకంలో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున జిగురుగానో పొడిగానో మిగిలేదాన్ని సారం అంటారు. ప్రయోగశాలలో పెంచుతున్న మనిషి క్యాన్సర్ కణాల మీద ఆ సారాన్ని వేసి, అవి పెరగడం ఆపుతాయా, చస్తాయా, చస్తే ఏ దారిన చస్తాయి అని చూడడం అరవై డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న పని. మొక్కల సారాల మీద జరిగిన పరిశోధన నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, ఎటోపొసైడ్, టోపోటికాన్, ఇరినోటికాన్ ఇవాళ క్యాన్సర్ ఆసుపత్రుల్లో రోజువారీ మందులు. అదే పరిశోధన పేరు చెప్పి రాచపుండుకు పసరు, పొడి, కషాయం అమ్మేవాళ్ళూ ఊరూరా ఉన్నారు.

ఈ విషయంలో సారం, సమ్మేళనం, మందు అనే మూడు మాటల్ని విడివిడిగా పట్టుకోవాలి. సారంలో వందల పదార్థాలు కలగలిసి ఉంటాయి. వాటిలోంచి పని చేసేదాన్ని వేరు చేసి, దాని అణువు ఆకారం తేల్చితే అది సమ్మేళనం. ఎంత మోతాదులో, ఏ రోగికి, ఎన్ని రోజులకొకసారి, ఏ దుష్ఫలితాలకు సిద్ధపడి ఇవ్వాలో మనుషుల మీద పరీక్షించి తేల్చాకే అది మందు. ‘ఫలానా ఆకు క్యాన్సర్‌ను చంపుతుంది’ అనే వార్తల్లో నూటికి తొంభై తొమ్మిది మొదటి మెట్టు మీదివే.

పెరటి మొక్క కథ

తెలుగు ఇళ్ళ ముందు, గుడి ప్రహరీల పక్కన, నీళ్ళు పోసినా పోయకపోయినా పూసే మొక్క బిళ్ళగన్నేరు. శాస్త్రనామం కాథరాంథస్ రోజియస్. పుట్టిల్లు మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ఓడలెక్కి వేడి దేశాలన్నిటికీ పాకింది. పశువులు దీని జోలికి పోవు, ఆకు అంత చేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

జమైకాలో మధుమేహానికి దీని ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి ఒక రోగి కొన్ని ఆకుల్ని కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి పంపాడు. ఆయన వాటిని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పని చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందించాడు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే చక్కెర మీద ఏ ప్రభావమూ కనిపించలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటి రక్తంలో తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. చక్కెర మందు కోసం వెతికినవాళ్ళు అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. నోబుల్ మరోలా ఆలోచించాడు: తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే రక్త క్యాన్సర్‌లో ఇదే గుణం అక్కరకు రాదా? రసాయనవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశాడు. అమెరికాలో ఎలీ లిల్లీ సంస్థకు చెందిన గోర్డన్ స్వొబోడా అదే మొక్క మీద విడిగా పని చేస్తూ, సారం ఇచ్చిన రక్త క్యాన్సర్ (లుకేమియా) ఎలుకలు ఎక్కువ కాలం బతకడం గమనించాడు. ఆ దారిలోనే విన్‌క్రిస్టిన్ దొరికింది. 1963లో దానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది.

ఈ రెండు అణువులకూ తేడా ఒక చిన్న రసాయన గుంపు మాత్రమే. ఆ కాస్త తేడాకే విన్‌బ్లాస్టిన్ ఎముక మజ్జను దెబ్బ తీస్తుంది, విన్‌క్రిస్టిన్ నరాలను పీడిస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల కదురు లాంటి నిర్మాణం ఒకటి అల్లుకుంటుంది. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలు పేర్చినట్టు కూడి, సన్నని గొట్టాలై, క్రోమోజోములను చెరో వైపుకూ లాగుతుంది. బిళ్ళగన్నేరు అణువులు ఆ ఇటుకల్ని పట్టుకుని పేరుకోనివ్వవు. కదురు తయారు కాక కణం విభజన మధ్యలో ఇరుక్కుని చస్తుంది. త్వరగా విభజన చెందే కణాలన్నిటికీ ఈ దెబ్బ తగులుతుంది కాబట్టే జుట్టు రాలుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. విన్‌క్రిస్టిన్‌ను సిరలోకే ఎక్కించాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. ఇది పేషెంటుకు మేలు చేసే విషం. ఆ మాట మరిచిపోకుండా చదివితే మిగతా వ్యాసమంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక తెలుగు ముడి ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించాడు. ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి, పాలకూరలోంచి తీసిన పదార్థానికి పెట్టిన పేరది. దాన్ని పోలి ఉండి దానికే అడ్డుపడే అణువులు కూడా సుబ్బారావు బృందమే ఇచ్చింది. వాటిలో అమినోటెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. తర్వాత వచ్చినది మెథోట్రెక్సేట్. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులు ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, 6-మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ అనే నాలుగింటినీ ఒకేసారి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. అంతకు ముందు కొన్ని నెలల్లో చనిపోయే పిల్లలు ఏళ్ళ తరబడి బతకడం ఆ కలయికతో మొదలైంది. ఇవాళ సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పది మందికి సుమారు తొమ్మిది మంది కోలుకుంటున్నారు. మడగాస్కర్ మొక్కా, భీమవరం మనిషి పనీ ఒకే చికిత్సలో కలిశాయి.

లక్ష సారాల జల్లెడ

బిళ్ళగన్నేరు అదృష్టం కొద్దీ దొరికింది. అదృష్టాన్ని పద్ధతిగా మార్చాలని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960లో మొక్కల వేట మొదలుపెట్టింది. 1982 వరకు దాదాపు 35,000 జాతుల నుంచి 1,14,000 సారాలు పరీక్షకు వచ్చాయి. ఇంత జల్లెడ పట్టాక ఆసుపత్రి దాకా వచ్చిన ప్రధాన అణువులు రెండే: టాక్సాల్ (మందు పేరు పాక్లిటాక్సెల్), కాంప్టోథెసిన్.

1962లో వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్క్‌లే వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించాడు. కలపకు పనికిరాదని నరికి తగలబెట్టే చెట్టు అది. రెండేళ్ళకు దాని సారం పెంపకపు కణాల్ని చంపుతున్నట్టు తేలింది. ఉత్తర కరోలినాలో మన్రో వాల్, భారతీయుడైన మన్‌సుఖ్ వానీ కలిసి టాక్సాల్ అనే చురుకైన అణువును వేరు చేసి, 1971లో నిర్మాణం ప్రకటించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నీటిలో కరగదు, చెట్టులో ఉండేది అతి కొంచెం, కొత్తదనం ఏముందో కూడా తెలియదు. 1979లో న్యూయార్క్‌లో సూసన్ హార్విట్జ్ దాని పని తీరు బయటపెట్టాక లెక్క మారింది. బిళ్ళగన్నేరు ఇటుకల్ని పేరుకోనివ్వదు. టాక్సాల్ పేరిన గొట్టాన్ని బిగించేసి విడిపోనివ్వదు. రెండు దారుల్లోనూ కదురు ఆగుతుంది, కణం చస్తుంది. 1992 డిసెంబరులో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది.

అప్పటికే చెట్ల గొడవ మొదలైంది. ఒక కిలో మందుకు రెండు మూడు వేల చెట్ల బెరడు కావాలి, బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది. ఫ్రాన్సులో పియర్ పోటియే బృందం యూరోపు యూ చెట్టు ఆకుల్లో దగ్గరి బంధువైన అణువును పట్టుకుంది. కొమ్మలు కత్తిరిస్తే ఆకు మళ్ళీ వస్తుంది. ఆ అణువు నుంచి టాక్సాల్‌ను, దాని చెల్లెలు డోసిటాక్సెల్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు తొట్టెల్లో పెంచిన మొక్క కణాల నుంచి కూడా తీస్తున్నారు.

కాంప్టోథెసిన్‌ను వాల్, వానీ 1966లో కాంప్టోథెకా అనే చైనా చెట్టు నుంచి తీశారు. కణంలో మెలిపడిన డి.ఎన్.ఎ.ను కత్తిరించి మళ్ళీ అతికే ఎంజైము ఒకటుంది, టోపోఐసోమెరేజ్-1 అని పేరు. కాంప్టోథెసిన్ కత్తిరింపును జరగనిచ్చి, అతుకును ఆపుతుంది. దాన్ని మార్చి చేసిన టోపోటికాన్, ఇరినోటికాన్ 1996లో అమెరికాలో అనుమతి పొందాయి. 1972లో మద్రాసు రసాయనవేత్త టి.ఆర్. గోవిందాచారి, విశ్వనాథన్‌తో కలిసి, పడమటి కనుమల్లో పెరిగే మరో చెట్టులో కాంప్టోథెసిన్ ఉందని ప్రకటించాడు. చైనా చెట్టు కన్నా అది ఉదారంగా ఇస్తుంది. ఆ గొప్ప తర్వాత చెట్టుకే చేటు తెచ్చింది, ఎగుమతి కోసం అడవుల్లో విపరీతంగా నరికారు. ఆ చెట్టు ఇప్పటి శాస్త్రనామం నోథాపొడైటిస్.

భారతదేశంలో ఇలాంటి జల్లెడను లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ 1960లలోనే పట్టింది. మన మొక్కల జీవచర్యల మీద అది 1968 నుంచి వరసగా వెలువరించిన నివేదికల్ని ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తారు.

గుంటల పళ్ళెంలో ఏం జరుగుతుంది

మొదట మొక్కను గుర్తు పట్టాలి. చిన్న విషయంలా కనిపించినా, సగం పరిశోధన ఇక్కడే కూలిపోతుంది. నేల ఉసిరి పేరుతో బజారులో దొరికే కట్టలో రెండు మూడు జాతులు కలిసి ఉంటాయి. అందుకే సేకరించిన కొమ్మ ఒకటి ఎండబెట్టి, సంఖ్య వేసి, హెర్బేరియంలో దాచాలని నియమం. తర్వాత ద్రావకం. హెక్సేన్ నూనెల్ని లాగుతుంది, మిథనాల్, నీరు చక్కెరలతో కూడిన పదార్థాల్ని, పాలీఫినాల్స్‌ను లాగుతాయి. ఒకే ఆకును వేర్వేరు ద్రావకాల్లో తీస్తే వేర్వేరు సారాలు, వేర్వేరు ఫలితాలు. ఏ నెలలో కోశారన్నదీ, ఏ నేలలో పెరిగిందన్నదీ తేడా చేస్తాయి. ఇంట్లో నీటిలో మరిగించి చేసే కషాయానికీ, సాక్స్‌లెట్ గొట్టంలో మిథనాల్‌తో తీసిన సారానికీ పేరు ఒకటైనా లోపలి సరుకు వేరు.

పరీక్షకు కావాల్సిన కణాలు సెల్ లైన్ల రూపంలో దొరుకుతాయి. ఎవరో ఒక రోగి శరీరం నుంచి తీసిన కణాలు, సీసాలో అంతులేకుండా పెరుగుతూ, తరతరాలుగా ప్రయోగశాలలు మారుతూ వస్తుంటాయి. అన్నిటికన్నా పాతది హీలా. 1951లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారపు గడ్డ నుంచి, ఆమెకు చెప్పకుండానే, ఆ కణాలు తీశారు. ఆమె అదే ఏడాది చనిపోయింది. రొమ్ము క్యాన్సర్‌కు ఎంసీఎఫ్-7, ఊపిరితిత్తులకు ఏ-549, కాలేయానికి హెప్-జీ2, పెద్దపేగుకు హెచ్‌సీటీ-116 ఎక్కువగా వాడతారు. మన దేశంలో పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వీటిని దాచి పరిశోధకులకు ఇస్తుంది. 1990 నుంచి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఎలుక లుకేమియాను పక్కన పెట్టి, తొమ్మిది అవయవాలకు చెందిన 60 మానవ సెల్ లైన్ల మీద పరీక్షించడం మొదలుపెట్టింది.

పళ్ళెంలో 96 చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు నింపి, పెరుగుతున్న మోతాదుల్లో సారం కలిపి, ఒకటి నుంచి మూడు రోజులు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. ఎన్ని బతికాయో లెక్కించడానికి ఎక్కువ మంది వాడేది ఎంటీటీ పరీక్ష, 1983లో టిమ్ మోస్మన్ ప్రవేశపెట్టాడు. పసుపు రంగు రసాయనం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. ఊదా ఎంత చిక్కనైతే అంత ఎక్కువ కణాలు బతికున్నట్టు. సగం కణాల్ని ఆపే మోతాదుకు ఐసీ-50 అని పేరు. ముతక సారానికి ఆ అంకె ఒక మిల్లీలీటరుకు 20–30 మైక్రోగ్రాముల లోపు ఉంటేనే ముందుకు తీసుకెళ్ళదగ్గదని అమెరికా సంస్థ గీసిన గీత. శుద్ధ సమ్మేళనానికైతే 4 మైక్రోగ్రాములు.

తర్వాతి ప్రశ్న, కణం ఎలా చచ్చింది? గట్టి సబ్బు వేసినా కణం పగిలి చస్తుంది, అందులో వైద్యానికి పనికొచ్చేదేమీ లేదు. శరీరం తనకు అక్కర్లేని కణాల్ని లోపలి నుంచే పద్ధతిగా విప్పి మాయం చేసే తీరుకు 1972లో కెర్, వైలీ, కరీ అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు ఆకు రాలడానికి గ్రీకు మాట అది. కణం పొర లోపలి వైపున్న కొవ్వు అణువు పైకి తేలిందా, కాస్పేజ్ ఎంజైములు మేల్కొన్నాయా, డి.ఎన్.ఎ. మెట్లు మెట్లుగా తెగిందా అన్న గుర్తుల్ని బట్టి ఈ మరణాన్ని పట్టుకుంటారు. చివరగా అదే సారాన్ని మామూలు కణాల మీదా వేసి, ఎన్ని రెట్లు తేడా ఉందో చూడాలి. క్యాన్సర్ కణాన్నీ మామూలు కణాన్నీ ఒకే మోతాదుకు చంపేది మందుగా పనికి రాదు. చాలా పత్రాల్లో ఈ చివరి గడి ఖాళీగా కనిపిస్తుంది.

అంకెలు ఎక్కడ మోసం చేస్తాయి

ఎంటీటీ పరీక్షలో ఒక గోతి ఉంది. మొక్క సారాల్లో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు కణాలు లేకపోయినా పసుపును ఊదాగా మార్చగలవు. ఖాళీ గుంటలో సారం ఒక్కటే వేసి చూడని పరిశోధకుడికి చచ్చిన కణాలు బతికినట్టు కనిపిస్తాయి. దీనికి ఎదురు మోసం ఇంకొకటి. తేయాకు పాలీఫినాల్స్ లాంటివి కణాలు పెంచే ద్రవంలో గాలి తగిలి ఆక్సీకరణం చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. కణాల్ని చంపేది ఆ పెరాక్సైడ్, పేరు పోయేది మొక్కకు. శరీరంలో ఆ రసాయన చర్య అలా జరగదు.

కణాల గుర్తింపులోనూ తప్పులున్నాయి. టాక్సాల్ తొలి చురుకు బయటపడిన కేబీ కణాలు నోటి క్యాన్సర్‌వని అందరూ అనుకున్నారు. తర్వాత పరీక్షిస్తే అవి హీలా కణాలే, ఎప్పుడో కలిసిపోయి అసలు వాటిని మింగేశాయి. రొమ్ము క్యాన్సర్ పేరుతో వందల పత్రాల్లో కనిపించిన ఎండీఏ-ఎంబీ-435 నిజానికి చర్మ క్యాన్సర్ అయిన మెలనోమా కణాలని జన్యు పరీక్షలో తేలింది. మందు మంచిదే కావచ్చు, ఏ క్యాన్సర్ మీద పని చేసిందన్న శీర్షిక మాత్రం అబద్ధం.

అన్నిటికన్నా పెద్ద తేడా మోతాదుది. ఒక సారం మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దగ్గర కణాల్ని సగానికి తగ్గించిందనుకుందాం. మనిషిలో ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆ సాంద్రత రావాలంటే అర గ్రాము సారం ఒకేసారి రక్తంలో కరిగి ఉండాలి, అదీ రోజుల తరబడి. శరీరంలోని నీరంతా లెక్కేస్తే నాలుగు గ్రాములు. నోటితో తిన్నదాంట్లో చాలా భాగాన్ని పేగు లోపలికి రానివ్వదు, వచ్చినదాన్ని కాలేయం విరగ్గొడుతుంది. గుంటలో అడ్డేమీ లేదు, కణం సారంలో మునిగే ఉంటుంది.

జిల్లేడు, గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో గుండె మీద పని చేసే గ్లైకోసైడ్లు ఉంటాయి. పచ్చగన్నేరు పప్పు తిని ప్రాణం తీసుకున్నవాళ్ళ వార్తలు మన పల్లెలకు కొత్త కాదు. ఈ విషాలు మానవ క్యాన్సర్ కణాల్ని అతి తక్కువ మోతాదులో చంపుతాయి, మానవ గడ్డ నాటిన ఎలుకలో గడ్డ కరుగుతుంది, ఎలుక నిక్షేపంగా ఉంటుంది. చూసినవాళ్ళకు అద్భుతం. అసలు సంగతి, ఎలుక కణాల్లోని సోడియం-పొటాషియం పంపు ఈ విషానికి సహజంగా లొంగదు, మనిషిది లొంగుతుంది. ఎలుకలో కనిపించిన ఆ క్షేమం మనిషికి చెల్లదు.

మన మొక్కలు

పసుపు కథ ముందు చెప్పుకోవాలి. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లలో బస్తాలకు బస్తాలు కదిలే సరుకు ఇది. పసుపు కొమ్ములో 2 నుంచి 5 శాతం కుర్కుమిన్ ఉంటుంది. గుంటల పళ్ళెంలో ఇది దాదాపు ప్రతి క్యాన్సర్ కణాన్నీ ఆపినట్టు వేల పత్రాలు చెబుతాయి. ప్రతి పరీక్షలోనూ నెగ్గే అణువును రసాయనవేత్తలు అనుమానంగా చూస్తారు. కుర్కుమిన్ తానే వెలుగు చిమ్ముతుంది, ప్రోటీన్లకు విచ్చలవిడిగా అతుక్కుంటుంది, పెంపకపు ద్రవంలో నిమిషాల్లో విరిగిపోతుంది. పరీక్షను తప్పుదారి పట్టించే అణువుల పట్టికలో దానికి శాశ్వత స్థానం దొరికింది. తైవాన్‌లో 2001లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 8 గ్రాములు మింగించినా రక్తంలో సగటు గరిష్ఠం 2 మైక్రోమోలార్ దాటలేదు. పళ్ళెంలో వాడేది మామూలుగా 10 నుంచి 50. 2017లో అమెరికన్ రసాయనవేత్తల సమీక్ష ఒకటి, అప్పటికి 120కి పైగా జరిగిన క్లినికల్ పరీక్షల్లో కట్టుదిట్టంగా జరిపిన ఒక్కటీ విజయం చూపలేదని తేల్చింది. కూరలో పసుపు వేసుకోవడానికి దీంతో సంబంధం లేదు, వేసుకోవచ్చు.

లక్ష్మణ ఫలం మీద ఇంకా ఎక్కువ ఆగాలి. సీతాఫలం, రామాఫలాల కుటుంబమే. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చి, ఇటీవలి సంవత్సరాల్లో తెలుగునాట నర్సరీల్లో, ఫోన్లలో తిరిగే సందేశాల్లో క్యాన్సర్ పండుగా స్థిరపడింది. కీమో కన్నా పదివేల రెట్లు శక్తిమంతమన్న మాట గాలిలోంచి పుట్టలేదు. 1996లో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఈ మొక్క గింజల్లోని ఒక అణువు, పళ్ళెంలోని ఒకే ఒక పెద్దపేగు సెల్ లైన్ మీద, అడ్రియామైసిన్ అనే కీమో మందు కన్నా పదివేల రెట్లు తక్కువ మోతాదులో పని చేసిందని రాసింది. గింజ పండైంది, ఒక అణువు మొత్తం చెట్టైంది, ఒక సెల్ లైన్ అన్ని క్యాన్సర్లైంది. ఈ అణువుల జాతికి అసిటోజెనిన్లు అని పేరు. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా మొదటి మెట్టును ఇవి ఆపేస్తాయి. మెదడు కణాలకు ఆ మెట్టు మీద ఆధారం ఎక్కువ. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో పార్కిన్సన్ జబ్బును పోలిన, మామూలు మందులకు లొంగని జబ్బు ఎక్కువగా కనిపించడానికీ, ఈ కుటుంబపు పండ్లు, ఆకుల కషాయం ఎక్కువగా వాడడానికీ సంబంధం ఉన్నట్టు 1999లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించారు. మన ఇళ్ళలో పేలు చావడానికి తలకు పట్టించే సీతాఫలం గింజల పొడిలోనూ పని చేసేది ఈ జాతి అణువులే. ఆ పొడి కంట్లో పడితే ఏమవుతుందో అమ్మమ్మలకు బాగా తెలుసు.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, రాయలసీమ మెట్ట నేలలకు తెలిసిన పంట. దానిలోని వితాఫెరిన్-ఏ నిర్మాణాన్ని 1965లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు తేల్చారు. పళ్ళెంలో చురుకైనదే, అయితే అణువుకు ప్రోటీన్లలోని గంధకపు చేతులకు అతుక్కునే గుణం ఉంది, ఎవరికి అతుక్కోవాలో ఎంపిక తక్కువ. వేపాకులోని నింబోలైడ్‌దీ అదే తీరు, కాకపోతే ఇక్కడ ఒక మలుపు వచ్చింది. 2019లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు అది రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఆర్‌ఎన్‌ఎఫ్-114 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని చూపించారు. అనవసర ప్రోటీన్లకు చెత్తబుట్ట దారి చూపే ప్రోటీన్ అది. దాన్ని ఆధారంగా చేసుకుని, జబ్బు చేసే ప్రోటీన్లను చెత్తలోకి నెట్టే కొత్త రకం అణువులు కట్టే ప్రయత్నం నడుస్తోంది. వేపను మింగితే తగ్గుతుందన్న వాదనకూ దీనికీ చుట్టరికం లేదు. నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్ నీటిలో సరిగా కరగదు, దాన్ని మార్చి చేసిన అణువుల మీదే ఇప్పుడు ఎక్కువ పని. అగ్నిశిఖ దుంపలోని కాల్చిసిన్ కూడా బిళ్ళగన్నేరు లాగే ట్యుబ్యులిన్‌ను పట్టుకుంటుంది. క్యాన్సర్‌ను ఆపేంత ఇస్తే మనిషే దక్కడు, కాబట్టి గౌట్ కీళ్ళనొప్పులకు పరిమితమైంది.

హిమాలయాల పొడోఫిల్లం మాట ఒక్క వాక్యంలో: దాని వేరులోని విషాన్ని మార్చి చేసిన ఎటోపొసైడ్ 1983లో అనుమతి పొంది, వృషణ, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు నిలిచిపోయింది.

చికిత్సతో పాటు ఆకు తింటే

చికిత్సలో ఉన్న రోగి పక్కింటివాళ్ళ మాట విని కషాయం మొదలుపెట్టడం తెలుగు ఇళ్ళలో మామూలు. డాక్టరుకు చెప్పడం అరుదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే యూరోపు మొక్కను ఇరినోటికాన్‌తో కలిపి తీసుకున్న రోగుల రక్తంలో ఆ మందు అసలు చురుకైన రూపం 42 శాతం పడిపోయిందని 2002లో డచ్ వైద్యులు చూపారు. మొక్క కాలేయాన్ని రెచ్చగొట్టి మందును ముందే విరగ్గొట్టించింది. మైలోమా అనే రక్త క్యాన్సర్ మందు బోర్టెజోమిబ్‌ను గ్రీన్ టీలోని ప్రధాన పాలీఫినాల్ నేరుగా పట్టుకుని పని చేయనివ్వకుండా చేస్తుందని 2009లో ఎలుకల్లో తేలింది. మిరియాల్లోని పైపెరిన్ కుర్కుమిన్‌ను రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరుస్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. అదే గుణంతో వేరే మందుల మోతాదునూ అది తారుమారు చేయగలదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై వైద్యులు ప్రచురిస్తే, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది.

ఆప్రికాట్ గింజల నుంచి తీసిన లేట్రైల్ అమెరికాలో 1970లలో పెద్ద ఉద్యమమైంది. చివరికి ప్రభుత్వం పరీక్షించక తప్పలేదు. 1982లో వెలువడిన ఫలితాల్లో 178 మంది రోగుల్లో ఎవరికీ మేలు కనిపించలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదకర స్థాయికి చేరింది. మన దేశంలో క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం కింద నేరం. రాష్ట్రం ఏదైనా, బస్టాండు గోడల మీది ప్రకటనలు చూస్తే ఆ చట్టం చదివినవాళ్ళు ఉన్నట్టు కనిపించదు.

విషానికి చిరునామా

1970ల నాటి ఒక ఓటమి ఈ రంగానికి కొత్త దారి చూపింది. 1972లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మారిస్ కుప్‌చాన్ ఇథియోపియా నుంచి వచ్చిన మేటెనస్ అనే పొద సారం నుంచి మేటాన్సిన్‌ను వేరు చేశాడు. విన్‌క్రిస్టిన్ కన్నా ఎన్నో రెట్లు తీవ్రమైనది. మనుషుల్లో పరీక్షిస్తే జబ్బు తగ్గేలోపే మనిషి తట్టుకోలేకపోయాడు, పరీక్షలు ఆపేశారు. రెండు దశాబ్దాలు ఆ అణువు సీసాల్లో మూలనపడింది. ఆ తర్వాత దాని చిన్న మార్పు రూపాన్ని ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీకి తగిలించారు. యాంటీబాడీ రొమ్ము క్యాన్సర్ కణం మీద ఉండే హెర్-2 ప్రోటీన్‌ను మాత్రమే వెతుక్కుంటూ వెళ్ళి, లోపలికి దూరాక విషాన్ని విప్పుతుంది. 2013లో దీనికి అనుమతి వచ్చింది.

మేటాన్సిన్ తయారీని వెతుకుతూ పోయినవాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. ఆ పొద వేళ్ళ దగ్గర కాపురముండే సూక్ష్మజీవులకు దాని తయారీలో చేయి ఉందట. ఇవాళ ఆ మందుకు కావాల్సిన ముడి అణువును ఒక బాక్టీరియాను తొట్టెల్లో పెంచి తీస్తున్నారు, ఇథియోపియా పొద అవసరం లేదు. బిళ్ళగన్నేరు వంతు కూడా వచ్చింది. 2022లో జే కీస్లింగ్ బృందం ముప్పై ఎంజైము మెట్లను ఈస్ట్ కణంలో పేర్చి, విన్‌బ్లాస్టిన్‌కు కావాల్సిన రెండు సగాల్నీ అందులోనే పుట్టించింది. రెండు సగాల్ని కలపడం మాత్రం ఇంకా గాజు సీసాలో రసాయనవేత్త చేతుల్లోనే జరిగింది.